డెకాల్స్ మీద క్లియర్ కోటు: డబ్బా మీద రాసింది మన ఎండకి రాసింది కాదు

తమ్ముడూ, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ. కర్నూలులో ఉంటావు. 1/72 స్కేలు (అసలు విమానంలో డెబ్భై రెండో వంతు) మిగ్-21 ప్లాస్టిక్ మోడల్ కట్టావు. కిట్‌లో వేరే దేశం గుర్తులు వచ్చాయని మన వాయుసేన రౌండెల్స్, అంటే గుండ్రటి గుర్తుల డెకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే పల్చటి బొమ్మలు) విడిగా తెప్పించుకున్నావు, తోక మీది నంబరు మాత్రం డెకాల్ పేపర్ కొని ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌లో తీసుకున్నావు. సాయంత్రం అన్నీ అంటించి, సాఫ్టర్ (డెకాల్‌ని మెత్తబరిచే మందు) పూసి, రెండు గంటలాగి ఆటో పెయింట్ల షాపులో దొరికే మ్యాట్ క్లియర్ స్ప్రే, అంటే మెరుపు లేని పారదర్శక పూత కొట్టావు. రెక్క మీది రౌండెల్ ముడతలు పడింది. తోక నంబరు నీలంగా కారింది. పొట్ట కింద చిన్న అక్షరాల చుట్టూ వెండి రేకులా మెరుస్తోంది. 'అసలు క్లియర్ వేయడమే తప్పా అన్నా, వేయకుండా వదిలేసుంటే సరిపోయేదా?' అని అడిగావు.

వేయాల్సిందే. వేయకపోతే రెండు ఎండాకాలాలు దాటేసరికి డెకాల్ అంచులు లేస్తాయి. దుమ్ము తుడిచిన ప్రతిసారీ ఒక ముక్క గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. పైగా రంగు ఒక రకంగా, డెకాల్ ఒక రకంగా మెరుస్తూ, స్టిక్కర్ అంటించినట్టే కనబడుతుంది. నీకు జరిగినవి మూడు నష్టాలు. మూడింటికీ కారణాలు వేరు. క్లియర్‌కి వాటిలో ఒకటిన్నర వంతు బాధ్యత ఉంది, మిగతాది తొందరది.

నా సంగతి కొంచెం చెప్తాను, ఎందుకంటే నేను చెప్పేవాటిలో సగం అక్కడ నేర్చుకున్నవే. అనంతపురంలో బండ్ల పెయింటింగ్ షెడ్డులో పద్నాలుగేళ్లు స్ప్రే గన్ను పట్టుకున్నాను. మోడల్స్ కట్టడం దానికి ముందు నుంచీ ఉంది. బైకు ట్యాంకు మీద స్టిక్కరేసి దాని మీద క్లియర్ కొట్టడం షెడ్డులో రోజూ ఉండే పని. ట్యాంకు మీద గోరు పెట్టి గీస్తే స్టిక్కరంచు తగలకూడదు, గిరాకీ చూసేది అదొక్కటే. ఆ ధీమాతోనే నా మొదటి విమానం డెకాల్స్ మీద షెడ్డులోని క్లియర్ కొట్టి, మొత్తం కిట్టు పాడుచేసుకున్నాను. ట్యాంకు స్టిక్కరు దున్నపోతు లాంటిది, ఎంత తడిపినా ఒళ్లు దులుపుకుని నిలబడుతుంది. మన డెకాల్ కోడిపిల్ల.

ఎందుకో చూడు. నీళ్లలో జారే డెకాల్ అంటే కాగితం, దాని మీద నీళ్లకి కరిగే జిగురు, ఆ పైన పల్చటి లాకర్ (వార్నిష్ లాంటి పూత) పొర, ఆ పొర మీద ఇంకు. నీళ్లలో ముంచితే జిగురు కరిగి పొర జారుతుంది. మిస్టర్ మార్క్ సాఫ్టర్ గానీ మైక్రో సోల్ గానీ చేసే పని ఆ లాకర్ పొరని మెత్తబరిచి, ప్యానల్ గీతల్లోకీ రివెట్ల మీదికీ కూర్చోబెట్టడం. పూసిన కాసేపటికి డెకాల్ ముసలవ్వ చేతిలా ముడతలు పడుతుంది కదా, అప్పుడు కంగారుపడి వేలు పెట్టకూడదు. తనంతట తానే సర్దుకుంటుంది. ఇప్పుడు ఆలోచించు: స్ప్రే డబ్బాలోని లాకర్ క్లియర్‌లో ఉండే థిన్నర్ కూడా ఆ పొరని మెత్తబరిచేదే, కాకపోతే ఎన్నో రెట్లు ఘాటైనది. అప్పటికే సాఫ్టర్ తాగి జావగా ఉన్న డెకాల్ మీద నువ్వు దాన్ని తడిగా పోశావు. పొర ఉబ్బింది, కింద పట్టు లేదు, ముడుచుకుంది. రౌండెల్ కథ ఇంతే.

'రెండు గంటలాగాను కదా, తాకితే పొడిగానే ఉంది' అంటావు. మన ప్రాంతంలో అందరూ పడే గుంట ఇదే. ఎండిపోయిన చెరువులో నడిచావా ఎప్పుడైనా? పైన మట్టి పెళ్లలు పెళ్లలుగా పగిలి గట్టిగా ఉంటుంది, అడుగేస్తే మడమ దాకా దిగబడుతుంది. మన పొడి గాలికి డెకాల్ పైభాగం పది నిమిషాల్లో ఆరుతుంది. కింద చిక్కిన తడి బయటికి రావాలంటే ఆ పొర లోంచీ అంచుల్లోంచీ మాత్రమే రావాలి. అందుకని సెట్టర్ (డెకాల్ బాగా పట్టుకునేందుకు కింద పూసే మందు) వాడి అంటించినవాటికి కనీసం ఒక రోజు, సాఫ్టర్ రెండు మూడు సార్లు పూసినవాటికి రెండు రోజులు వదిలేస్తాను. ఎండలో పెట్టి తొందరపెట్టను. ఎండలో పెడితే కింద నీళ్లు ఆవిరై బుడగ లేస్తుంది.

ఇక ఎండ గురించి. డబ్బా మీదా, బయటి దేశాలవాళ్ల వీడియోల్లోనూ 'ఇంత దూరం నుంచి కొట్టండి, ఇంతసేపు ఆగండి' అని చెప్పేవన్నీ ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల గదిలో కూర్చుని చెప్పినవి. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మే నెలలో మీ కర్నూలు 42, 43 డిగ్రీలు చూస్తుంది. ఈ గాలిలో గన్ను నుంచి బయలుదేరిన చుక్క విమానం దాకా చేరేలోపే దార్లో ఆరిపోతుంది. చేరేది ద్రవం కాదు, పొడి. షెడ్డులో దీన్ని డ్రై స్ప్రే అంటాం.

ఒకసారి మే నెలలో, మిట్టమధ్యాహ్నం, మిద్దె మీద ఒక ఫార్ములా వన్ కారు మోడల్‌కి క్లియర్ కొట్టాను. డెకాల్స్ అన్నీ భద్రంగానే ఉన్నాయి, ముడత లేదు. వేలితో రాస్తే మాత్రం ఉప్మా రవ్వ తగిలినట్టుంది. అద్దంలా మెరవాల్సిన బాడీ గరుకు కాగితమైంది. తప్పు దిద్దుదామని దగ్గరగా జరిగి మళ్లీ కొట్టాను. డబ్బా ఎండకి కాలిపోతోంది, లోపల ఒత్తిడి పెరిగి బుస్సున వచ్చింది, ముక్కు దగ్గర క్లియర్ కారి ఒక పెద్ద బొట్టు కట్టింది. ఒకే కారు మీద ఒక పక్క రవ్వ, ఇంకో పక్క బొట్టు. అప్పటి మా మేస్త్రీ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, 'బానే ఉంది, పెళ్లికూతురికి ముక్కుపుడక పెట్టినావు' అన్నాడు.

అప్పటి నుంచి ఎండాకాలంలో క్లియర్ పని తెల్లారి అయిదున్నరకీ ఏడుకీ మధ్యనే. ఆ వేళకి గాలి నిలకడగా ఉంటుంది, గోడలు చల్లబడి ఉంటాయి. ఎయిర్‌బ్రష్ (పెన్నులా పట్టుకునే చిన్న స్ప్రే గన్ను) అయితే మామూలుగా ఎనిమిది, పది సెంటీమీటర్ల దూరం చెప్తారు. నేను మేలో ఆరేడుకి వస్తాను, ఒత్తిడి పదిహేను పీఎస్‌ఐ దాటనివ్వను. మామూలు థిన్నర్ బదులు రిటార్డర్ (ఆరడాన్ని నిదానం చేసే మందు) కలిసి ఉన్న లెవెలింగ్ థిన్నర్ వాడతాను. అది నిదానంగా ఆరుతుంది కాబట్టి చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసి చదునవడానికి టైముంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చదువు. నిదానంగా ఆరే థిన్నర్ డెకాల్ మీద కూడా ఎక్కువసేపు కూర్చుంటుంది. అంటే రవ్వ తగ్గించే మందే ముడతల్ని పెంచుతుంది. అందుకే మొదటి రెండు కోట్లు పొడిపొడిగా, డెకాల్‌ని తడపకుండా, ఊరికే మంచు పడినట్టు వేస్తాను. మధ్యలో పదిహేను నిమిషాలు. ఆ రెండూ డెకాల్‌కి గొడుగు పట్టాక, మూడోది కొంచెం తడిగా. ఆ మూడో కోటు కింద రెండింటినీ కరిగించి చదును చేస్తుంది, డెకాల్ దాకా వెళ్లేలోపు ఆరిపోతుంది. మన ఎండ శాపమే అయినా ఈ ఒక్క చోట మాత్రం మనకి కలిసొస్తుంది. పొడి కోటు వేయడం మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

స్ప్రే డబ్బా అయితే ముందురోజు రాత్రే ఇంట్లో చల్లటి మూల పెట్టుకో. యాభై డిగ్రీలు దాటనివ్వకూడదని డబ్బా మీదే ఉంటుంది, ఎండలో నిలిపిన కారు లోపల అది సులువుగా దాటుతుంది. నొక్కడం విమానం బయట మొదలుపెట్టి, విమానం మీదుగా జరిపి, బయటికి వెళ్లాక వదులు. మీదే మొదలుపెడితే మొదటి ఉమ్ము డెకాల్ మీదే పడుతుంది. ఇంకో మాట, డబ్బాలో గ్యాసు మండేది. వంటింట్లో పొయ్యి, దేవుడి దగ్గర దీపం వెలుగుతుంటే ఆ గదిలో కొట్టొద్దు.

వానాకాలం సంగతి తిరగబడుతుంది. మనకి వాన తక్కువే గానీ సెప్టెంబరు, అక్టోబరుల్లో ముసురు పట్టిన నాలుగు రోజులుంటాయి చూడు, అప్పుడు లాకర్ క్లియర్ కొడితే పాలు పోసినట్టు తెల్లబడుతుంది. థిన్నర్ ఆవిరవుతూ ఆ చోటుని చల్లబరుస్తుంది, గాలిలో తేమ అక్కడ మంచులా దిగి పొరలో చిక్కుకుంటుంది. షెడ్డులో దీన్ని బ్లషింగ్ అంటాం. అలా అయితే గుడ్డ పెట్టి రుద్దొద్దు. పొడి రోజు చూసి, లెవెలింగ్ థిన్నర్ ఒక్కటే దూరం నుంచి పల్చగా కొడితే పొర మళ్లీ కరిగి తేమ పోతుంది. డెకాల్ ఉన్నచోట మరీ పల్చగా.

ఆషాఢం గాలి గురించి నీకు చెప్పేదేముంది. తలుపు సందులోంచి కూడా ఎర్రమట్టి వస్తుంది. షెడ్డులో గన్ను పట్టే ముందు నేలంతా నీళ్లు చల్లేవాళ్లం, ఇంట్లో అయితే స్నానాల గదే మేలు. గోడలు తడిపి, దుమ్ము దిగేదాకా ఆగి, లోపలికి మోడల్ తీసుకెళ్లు. కొట్టాక పైన ప్లాస్టిక్ టబ్బు బోర్లించు. మోడల్‌ని పొడి గుడ్డతో తుడవొద్దు. మన పొడి గాలిలో ప్లాస్టిక్‌ని రుద్దితే కరెంటు పుట్టి, గదిలో ఉన్న నూగంతా దాని మీదికే వస్తుంది. కొంచెం తడిపిన గుడ్డతో తుడువు. దోమ వచ్చి వాలినా తీయబోకు. ఆరనిచ్చి, రెండు వేల నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) మెల్లగా తీసేయొచ్చు. తడిలో వేలు పెడితే దోమతో పాటు డెకాల్ కూడా పోతుంది.

ఇప్పుడు వెండి రేకు సంగతి. దీంట్లో క్లియర్ తప్పేమీ లేదు. తప్పు అంతకు ముందే జరిగింది. నువ్వు మ్యాట్ రంగు మీద నేరుగా డెకాల్ అంటించావు. మ్యాట్ అంటేనే గరుకు, భూతద్దంతో చూస్తే గుట్టలూ పల్లాలూ. డెకాల్ గుట్టల మీద నిలబడుతుంది, పల్లాల్లో గాలి మిగిలిపోతుంది, వెలుతురు ఆ గాలికి తగిలి వెనక్కి మెరుస్తుంది. చిన్న అక్షరాల చుట్టూ ఖాళీ పొర ఎక్కువ కాబట్టి అక్కడ బాగా కనబడుతుంది. అందుకే వరుస ఇలా ఉండాలి: రంగు, దాని మీద గ్లాస్ (మెరిసే) క్లియర్, దాని మీద డెకాల్, మళ్లీ గ్లాస్, ఆఖరున మ్యాట్. 'ఇన్ని పొరలా?' అని భయపడకు, ఒక్కోటీ పల్చగా ఉంటే చాలు. లెక్క వేసి చూడు: ముప్ఫై మైక్రాన్ల క్లియర్ అంటే వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు, 1/72లో దాన్ని నిజం విమానానికి పెంచితే రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. జానెడు విమానం కదా, ప్రతి కోటూ లెక్కలోకి వస్తుంది. కారు మోడల్స్‌లో అయితే గ్లాస్ నాలుగైదు కోట్లు వేసి, వాటర్ పేపర్ పట్టి, డెకాల్ అంచు మాయం చేసి పాలిష్ పెడతాం. విమానానికి అంత పని వద్దు, కొత్త బ్లేడుతో డెకాల్ చుట్టూ ఉన్న ఖాళీ పొరని వీలైనంత దగ్గరికి కత్తిరించుకుంటే మిగతాది మ్యాట్ కప్పేస్తుంది.

మన దగ్గర ఇంకో శత్రువు ఉంది, దాన్ని ఏ వీడియోలోనూ చెప్పరు: బోరు నీళ్లు. మన బోరు నీళ్లతో కాచిన గిన్నె అడుగున తెల్లటి సున్నం పేరుకుంటుంది కదా, డెకాల్ కిందా చుట్టూ అదే పేరుకుంటుంది. తడిగా ఉన్నప్పుడు కనబడదు, ఆరాక సన్నటి తెల్ల గీత. దాని మీద క్లియర్ కొడితే ఆ గీత అక్కడే శాశ్వతం. నేను డెకాల్స్‌కి మెకానిక్ షాపులో బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి ప్రత్యేకంగా ఉంచుకుంటాను. అది లేకపోతే ఫిల్టర్ క్యాన్ నీళ్లు. అన్నీ అంటించి ఆరాక, అదే నీళ్లలో తడిపి పిండిన దూదితో మోడల్ అంతా ఒత్తి తుడుస్తాను, రుద్దను. డెకాల్ అంచుల దగ్గర మిగిలిన జిగురు వచ్చేస్తుంది. అది తీయకపోతే కొన్నాళ్లకి క్లియర్ కింద టీ మరకలా బయటపడుతుంది. ఈ ఒక్క పని బద్ధకించి నేను తెల్ల రంగు విమానం ఒకటి పోగొట్టుకున్నాను.

తోక నంబరు కారడం ఇంకో సంగతి. ఇంక్‌జెట్ ఇంకు నీళ్లకి కరుగుతుంది, ఆల్కహాలుకి కరుగుతుంది, లాకర్ థిన్నర్ తగిలితే కూడా కదులుతుంది. ప్రింట్ తీసిన కాగితాన్ని ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, దాని మీద యాక్రిలిక్ క్లియర్ మూడు పొడి కోట్లు వేసి, అవీ ఒక రోజు ఆరాక అప్పుడు కత్తిరించాలి. కత్తిరించిన అంచులో మళ్లీ ఇంకు బయటపడుతుంది కాబట్టి అక్షరం చుట్టూ ఒక మిల్లీమీటరు ఖాళీ వదులు. నీళ్లలో ముంచకు. పళ్లెంలో తడిపిన టిష్యూ పరిచి, దాని మీద డెకాల్‌ని కాగితం వైపు కిందికి ఉండేట్టు పెట్టు, అడుగు నుంచి నీళ్లు పీల్చుకుని జారుతుంది. జిరాక్స్ షాపులో లేజర్ ప్రింటర్ మీద తీయిస్తే ఇంకా సుఖం, లేజర్ కోసమే చేసిన డెకాల్ పేపర్ తీసుకెళ్లు, ఇంక్‌జెట్ పేపర్ లోపల వేడికి అంటుకుంటే షాపతను నిన్ను వదలడు. లేజర్ టోనర్ నీళ్లకి చలించదు, కానీ అదీ ఒక రకం ప్లాస్టిక్కే, ఘాటు థిన్నర్‌కి కరుగుతుంది. పొడి కోట్ల నియమం దానికీ ఉంది. ఇంకొకటి, ఇంటి ప్రింటర్ తెలుపు వేయలేదు. రౌండెల్ నువ్వే ప్రింట్ తీసుకుంటే బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల పచ్చ, ఆ తెలుపు చోట ఖాళీ పొరే ఉంటుంది. బూడిద రంగు విమానం మీద పెడితే కాషాయం ఇటుకరాయిలా, తెలుపు బూడిదలా కనబడతాయి. ముందు తెల్ల గుండ్రం రంగు వేసి దాని మీద అంటించాలి, లేకపోతే తెల్ల డెకాల్ పేపర్ వాడాలి.

ఏ క్లియర్ వాడాలి అని అడుగుతావు. నాకు నచ్చింది తమియా ఎక్స్-22, లెవెలింగ్ థిన్నర్‌తో సగం సగం కలిపి, ఎయిర్‌బ్రష్‌లో. ఎయిర్‌బ్రష్ లేనివాళ్లకి తమియా టీఎస్-13 స్ప్రే గాజులా మెరుస్తుంది, కానీ అది లాకర్, మొదటి కోటే తడిగా కొడితే డెకాల్‌ని తినేస్తుంది. ఆటో షాపు డబ్బాలు అసలు పనికిరావని అనను. చవక, చేతికి అందుతాయి. అయితే ఇనుప రేకు కోసం చేసిన థిన్నర్ దాంట్లో ఎంత ఘాటుగా ఉందో డబ్బా మీద రాసి ఉండదు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) క్లియర్ మాత్రం తెల్ల డెకాల్స్ మీద వాడకు, ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. ప్యానల్ గీతల్లోకి ఎనామెల్ వాష్ (గీతలు కనబడేట్టు పోసే బాగా పల్చటి ముదురు రంగు) పోసే అలవాటుంటే, దాన్ని డెకాల్స్ మీద గ్లాస్ వేశాక పోసి, బాగా ఆరనిచ్చి, పైన యాక్రిలిక్ మ్యాట్ వెయ్. ఎనామెల్ మీద ఘాటు లాకర్ పడితే అదీ ముడుచుకుంటుంది.

ఏది కొన్నా ముందు చెంచా మీద చూడాలి. జ్యూస్ బండి దగ్గర ఇచ్చే ప్లాస్టిక్ చెంచాలు నా దగ్గర డబ్బాడు ఉంటాయి. విమానానికి వేసిన రంగే చెంచా వీపుకి వేసి, గ్లాస్ కొట్టి, డెకాల్ షీటు మూలలో ఉండే కంపెనీ పేరో, మిగిలిపోయిన గుర్తో అంటించి, సాఫ్టర్ పూసి, ఆరాక క్లియర్ కొడతాను. ఒక చెంచాకి పొడి కోట్లు, ఇంకోదానికి కావాలనే తడి కోటు. తడి కోటు చెంచా కూడా నిలబడిందంటే ఆ డెకాల్‌కీ ఆ క్లియర్‌కీ జాతకాలు కలిసినట్టే. పాత కిట్లకి ఈ పరీక్ష తప్పనిసరి. మన వేడికి షాపు అరలో ఏళ్ల తరబడి పడున్న డెకాల్స్ నీళ్లలో వేయగానే అప్పడంలా ముక్కలవుతాయి. అలాంటి షీటు మీద ముందే ఒక కోటు క్లియర్ కొట్టి, అప్పుడు విడివిడిగా కత్తిరించుకోవాలి. షీటు పసుపెక్కి ఉంటే జిప్ కవర్లో పెట్టి కిటికీ అద్దానికి లోపలి వైపు అంటించు. ఎండకి ఆ పసుపు చాలావరకు విరిగిపోతుంది. మిగతా ఊళ్లలో దీనికి వారాలు పడుతుందంటారు, మనకి అంత కరువేం లేదు.

నా షెడ్డు సంగతి విని పీయూ క్లియర్ కొడదామని నీకు అనిపించొచ్చు. హార్డనర్ కలిపి కొట్టేది, బైకు ట్యాంకుల మీద గాజులా నిలిచేది. వద్దు. విమానానికి మందం ఎక్కువవుతుందనేది చిన్న కారణం. ఆ హార్డనర్‌లో ఐసోసయనేట్లుంటాయి. అవి ఊపిరితిత్తుల్ని పట్టుకుంటే ఆయాసం జీవితాంతం ఉండిపోవచ్చు, వాసన మనకి తెలిసేసరికే పీల్చకూడనంత పీల్చేసి ఉంటాం. ముక్కుకి జేబురుమాలు కట్టుకుని కొట్టినవాళ్లలో నేనూ ఒకడిని, ఇప్పుడు మెట్లెక్కుతుంటే తెలుస్తుంది. మామూలు లాకర్‌కి కూడా ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకో. కరోనా నాటి గుడ్డ మాస్కులు దుమ్ముకి తప్ప థిన్నర్‌కి అడ్డం కావు.

మ్యాట్ గురించి రెండే మాటలు. మ్యాట్ క్లియర్‌లో సన్నటి సిలికా లాంటి పొడి ఉంటుంది, అది అడుగున దిగుతుంది. సీసా అయితే రాగిసంగటి గెలికినంత ఓపికగా అడుగు దాకా కలుపు, డబ్బా అయితే గోళీ చప్పుడు మొదలయ్యాక కూడా రెండు నిమిషాలు ఆడించు. సరిగ్గా కలపకపోతే మొదట మెరుపొస్తుంది, డబ్బా అడుగుకొచ్చేసరికి సుద్ద వస్తుంది. మందంగా పడితే ముదురు రంగుల మీద బూడిద పూసినట్టు తెల్లబడుతుంది.

ఇక నీ విమానం. పారేయకు. వారం రోజులు కదపకుండా వదిలెయ్, లోపలి థిన్నర్ అంతా పోవాలి. వెండి మెరుపు ఉన్నచోట కొత్త సూదితో డెకాల్‌కి నాలుగైదు సన్న పోట్లు పొడిచి, సన్న బ్రష్‌తో సాఫ్టర్ తాకించు. రోజుకొకసారి, మూడు రోజులు. పైన లాకర్ పడింది కాబట్టి ఆ పోట్లలోంచి దిగినంతే దిగుతుంది, సగం మెరుపు పోయినా లాభమే. పొట్ట కింద ఎవరు చూస్తారులే. కారిన నంబరు మీద సెల్లోటేపు గట్టిగా నొక్కి, చటుక్కున లాగితే డెకాల్ పైన క్లియర్‌తో సహా వస్తుంది. రంగు కొంచెం ఊడితే టచింగ్ చేసుకుని, గ్లాస్ కొట్టి, కొత్త నంబరు పెట్టు. ముడత పడిన రౌండెల్ మాత్రం తిరిగి చదునవ్వదు. ముడత నెత్తుల్ని వాటర్ పేపర్‌తో తడిగా తగ్గిస్తే కాషాయం కింద నుంచి బూడిద బయటపడుతుంది. ఇంకో రౌండెల్ ఉంటే పాతదాన్ని టేపుతో లాగేసి, ఆ చోటు చదును చేసి కొత్తది వెయ్. లేకపోతే గుండ్రటి మాస్కు కత్తిరించి మూడు రంగులూ ఎయిర్‌బ్రష్‌తో వేసుకోవచ్చు. పెద్ద గుర్తులకి నేను ఇప్పుడు అదే చేస్తున్నాను.

మిగ్-21కి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పాక ఈ కిట్టు కట్టేవాళ్లు మన దగ్గర ఎక్కువయ్యారు. ఇదే గొడవతో నాకు ఫోన్ చేసినవాళ్లలో నువ్వు మూడోవాడివి. ముగ్గురూ ఆఖరి రోజు సాయంత్రమే, ఫొటో తీసుకోవాలన్న తొందరలోనే చెడగొట్టారు.

మర్చిపోయాను. ఆఖరి మ్యాట్ కొట్టే ముందు కాక్‌పిట్ అద్దానికి టేపు వేసి ఉందో లేదో చూసుకో, ఆరాకే తీయ్. నా మొదటి మిగ్‌కి అది మరిచాను. ఇప్పటికీ అల్మారాలో ఉంది, లోపలి పైలట్‌కి రెండు కళ్లల్లో శుక్లాలు.